ప్రయాణం కోసం మారిన చీర



రిబ్కా పెండ్లి గురించి మనం చాలాసార్లు విన్నాము. ఆమె చేసిన ప్రయాణం గురించి ఆలోచించేది తక్కువ. పుట్టింటి నుంచి కనాను దాకా ఒంటెల మీద రావాలి, ఎన్నో దినాల దారి. పొలంలో ఎదురు వస్తున్న మనిషిని చూసి ఒంటె దిగి, అతడు ఇస్సాకు అని తెలిశాక ముసుగు వేసుకున్నట్టు ఆదికాండము 24వ అధ్యాయంలో ఉంది. అంటే అంతవరకు ముసుగు లేదన్నమాట. ఎండలో, దుమ్ములో, ఒంటె మీద ఊగుతూ వచ్చేటప్పుడు ఒక తీరు, కాబోయే భర్త ఎదుట నిలిచేటప్పుడు ఇంకొక తీరు. వెంట వచ్చిన అబ్రాహాము దాసుడు అందుకు ఆమెను తప్పు పట్టినట్టు ఎక్కడా లేదు.

దారికి తగిన బట్ట ఏది అన్న ప్రశ్న మన దేశపు స్త్రీలకు కూడా ఎదురైంది. దాదాపు నూట అరవై ఏళ్ల క్రితం కలకత్తాలో జరిగిన సంగతి ముందు చెబుతాము.

రవీంద్రనాథ్ టాగోర్ అన్నగారు సత్యేంద్రనాథ్ ఐసీఎస్ పరీక్ష నెగ్గిన మొదటి భారతీయుడు. 1864లో ఆయనకు బొంబాయి వైపు ఉద్యోగం వచ్చింది. భార్య జ్ఞానదానందినీ దేవిని వెంట తీసుకుపోవాలనుకున్నారు. ఆమెకు అప్పటికి పద్నాలుగేళ్లు. ఆ ఇంటి ఆడవారు గడప దాటరు. ఇంట్లో కట్టుకునేది పల్చని ఒంటి చీర. లోపల రవిక లేదు, పావడా లేదు. గడప దాటని వారికి అది చాలింది. ఓడ ఎక్కవలసిన పిల్లకు చాలలేదు.

అందుకని ఒక ఫ్రెంచి దర్జీ చేత ఆమెకు ప్రత్యేకంగా దుస్తులు కుట్టించారు. అవి ఒళ్లంతా కప్పాయి, నిజమే. కాని ఆమె వాటిని తనంతట తాను తొడుక్కోలేకపోయారు. భర్త సాయం పట్టవలసి వచ్చింది. పైగా ఇంటి నుంచి బండి దాకా నడవడానికి మామగారు ఒప్పుకోలేదు. పల్లకిలో ఓడ దాకా మోయించారు. ఎంత నిండైన బట్ట అయితే ఏమి, మనిషి కదలలేకపోతే!

బొంబాయిలో వారు ఒక పార్సీ కుటుంబంతో కలిసి ఉన్నారు. అక్కడి స్త్రీలు రవిక తొడుక్కుని, చీర చక్కగా కట్టుకుని, నలుగురిలోకి వస్తూ పోతూ ఉండేవారు. జ్ఞానదానందిని ఆ కట్టు నేర్చుకుని కొంచెం మార్చుకున్నారు. పార్సీ స్త్రీల పైట కుడి భుజం మీదికి వస్తుంది. కుడి చెయ్యి ఖాళీగా ఉండాలని ఆమె దాన్ని ఎడమ భుజానికి తెచ్చారని చెబుతారు. రద్దీ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడే మన అక్కలకు ఆ చెయ్యి విలువ తెలుసు. కలకత్తాకు తిరిగి వెళ్లాక ఆ కట్టు ఇతర స్త్రీలకూ నేర్పారు. బ్రహ్మసమాజం ఇళ్లలో ముందు పాకింది గనుక దానికి బ్రాహ్మికా చీర అని పేరు వచ్చింది. 1877లో ఆమె భర్త వెంట లేకుండా ముగ్గురు పిల్లలతో, గర్భిణిగా ఉండి ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. పదమూడేళ్ల ముందు పల్లకి దిగనివ్వని పిల్లే!

ఇది ఎందుకు చెబుతున్నామంటే, చీర, జాకెట్టు, లోపల పావడా, ఇది అనాదిగా వస్తున్న పద్ధతి, ఇందులో వెంట్రుకవాసి మారరాదు అని మనలో కొందరు పెద్దలు అంటారు. వారి మీద మాకు గౌరవమే. మన తెలుగునాట రవిక పాతదే, ఒప్పుకుంటాము. కాని నాటు వేయడానికి వెళ్లే తల్లులు గోచీ పోసి చీర కట్టడం కూడా మన పద్ధతే కదా. బురదలో దిగేవారికి కుచ్చిళ్లు పనికిరావు. పనిని బట్టి కట్టు మారింది, దారిని బట్టి కూడా మారింది.

రెండవ ఆమె ఆనందీబాయి జోషి. 1883 ఏప్రిల్‌లో 18 ఏళ్ల వయసులో వైద్యం చదవడానికి కలకత్తాలో ఓడ ఎక్కారు. అంతకు ముందు బొంబాయిలో పుస్తకాలు పట్టుకుని బడికి నడిచి వెళ్తుంటే జనం గేలి చేసేవారని, రాళ్లు విసిరేవారని ఆమే చెప్పుకున్నారు. అప్పుడు ఆమె ఒంటి మీద ఉన్నది నిండు చీరే. ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. దారిలో ఆడపిల్లను అల్లరి పెడితే, ముందుగా ఆ పిల్ల ఏ బట్ట వేసుకుందని అడిగే అలవాటు మనకు ఇంకా పోలేదు.

బయలుదేరే ముందు ఆమె సేరంపూర్ కాలేజీలో ప్రసంగించారు. మన పాస్టర్లకు డిగ్రీలిచ్చే సేరంపూరే. తన మతం మార్చుకోనని అక్కడే చెప్పారు. ఆమె మన విశ్వాసానికి చెందినవారు కారు, అయినా ఆ ధైర్యాన్ని మేము గౌరవిస్తాము. మహారాష్ట్రలో ఆమె కట్టేది గోచీ పోసిన తొమ్మిది గజాల చీర. అందులో పిక్కలు కనబడతాయి, అక్కడ అది మర్యాదే. అమెరికాలో ఒకవైపు చలి, మరొకవైపు ఆడవారి కాళ్లు కనబడడమే సిగ్గనుకునే జనం. అందుకని గుజరాతీ పద్ధతిలో పాదాల దాకా వచ్చేటట్టు కట్టుకున్నారు. చీర విడువలేదు, కట్టు మార్చారు. 1886లో ఫిలడెల్ఫియాలో డాక్టరు పట్టా అందుకున్నారు. జబ్బుతో తిరిగి వచ్చి 1887 ఫిబ్రవరి 26న, ఇంకా 22 నిండకుండానే కన్నుమూశారు.

ఆ పట్టా ఇచ్చే సభకు ఇంగ్లండు నుంచి వచ్చిన బంధువు పండిత రమాబాయి. తల్లిదండ్రులు కరువులో పోయాక ఆమె, అన్నగారు వేల మైళ్లు కాలినడకన తిరిగారు. ఒంటికి వెచ్చని బట్ట లేదు. పంజాబులో జీలం నది ఒడ్డున చలికి తాళలేక, ఇసుకలో రెండు గుంటలు తవ్వుకుని, తల మాత్రం బయట ఉంచి, ఒళ్లంతా ఇసుక కప్పుకుని రాత్రి గడిపారు. ఆమె సాక్ష్యంలో మమ్మల్ని ఎక్కువ కదిలించేది ఆ చోటే. బట్ట అంటే పరువు కాపాడేది అనే మనం చెప్పుకుంటాము. ఆ రాత్రి వారికి కావలసింది ప్రాణం కాపాడే బట్ట.

1883లో ఇంగ్లండులో బాప్తిస్మం పొందిన తరువాత కూడా రమాబాయి గౌను తొడగలేదు. చీరలోనే అమెరికా అంతటా తిరిగి, విధవల బడి కోసం సభల్లో మాట్లాడారు. 1889 మార్చిలో బొంబాయిలో శారదా సదన్ తెరిచారు.

కువైటుకు ఇంటిపనికి వెళ్లే మన అక్కలు, నర్సింగు చదువుకు రాత్రి రైలెక్కే పిల్లలు ప్రార్థన చేయమని మా దగ్గరికి వస్తారు. చేస్తాము. ఆ తరువాత పాస్టరమ్మ గారు వారిని పక్కకు పిలిచి, శాలువా పెట్టుకున్నావా, చున్నీకి పిన్నీసు ఉందా, చుడీదారుకు జేబు కుట్టించావా అని అడుగుతారు. పై బెర్తు ఎక్కాలంటే చీర కంటే చుడీదారే మేలని ఆమె మాట. ఎక్కేది వాళ్లే గనుక మేము మధ్యలో కల్పించుకోము.