1714

మా బాబాయి కోనసీమలో రిగ్గుల మీద పనిచేసిన రోజుల డైరీ ఒకటి ఈమధ్య నా చేతికొచ్చింది. నిండా అంకెలే. ప్రతి లెక్కలోనూ గీత కింద 1714 అని ఉంది. సంవత్సరమేమో అనుకున్నాను. చరిత్ర చదివినవాళ్లకుండే జబ్బు ఇది, నాలుగంకెలు కనిపిస్తే చాలు ఏ రాజు పోయాడో వెతుకుతాం. అడిగితే బాబాయి నవ్వాడు. "బిట్టు దగ్గర మడ్డు బలం ఎంతో తేల్చే లెక్కరా అది. ప్రెషర్‌ని గాలన్లతో గుణించి, 1714తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది."

1714 ఎందుకు? "పుస్తకంలో అంతే ఉండేది."

ఆ అంకెని విప్పితే లోపల ఒక రాణి, ఒక గుర్రం బయటపడ్డాయి. గాలన్ అంటే 231 ఘనపుటంగుళాలు. ఇంగ్లండులో ఆన్ రాణి కాలంలో వైన్ కొలవడానికి చట్టం చేసి ఖాయపరచిన కొలత. 1824లో బ్రిటన్ దాన్ని వదిలేసి ఇంపీరియల్ గాలన్ పెట్టుకుంది. అమెరికా మాత్రం పాతదాన్నే పట్టుకుంది, చమురు బావుల లెక్కలూ అందులోనే సాగాయి. గుర్రమేమో జేమ్స్ వాట్‌ది. మిల్లు తిప్పే గుర్రం నిమిషానికి 33,000 అడుగు-పౌన్ల పని చేస్తుందని ఆయన కట్టిన అంచనా. 231ని 12తో భాగించి, వచ్చినదానితో 33,000ని భాగించండి: 1714 చిల్లర. అన్నట్టు, ఆన్ రాణి చనిపోయింది కూడా 1714లోనే. ఉత్త కాకతాళీయం, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

బావిలోకి మడ్డు ఎందుకు పంపాలి? బిట్టు నలిపిన రాతిపొడిని పైకి తేవడానికి. 1845లో ఫ్రాన్సులోని పెర్పిన్యాఁలో ఫోవెల్ బోలు కడ్డీల్లోంచి నీళ్లు పంపి బావి తవ్వాడు. 1901లో టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్ దగ్గర ఇసుక కూలిపోతుంటే, పశువుల్ని గుంటలో తొక్కించి బురద చేశారని చెప్పుకుంటారు. చాలాకాలం ఆ ద్రవం బిట్టు పళ్లని కడిగేదే తప్ప బావి అడుగుని గట్టిగా కొట్టేది కాదు. 1940ల చివర్లో జెట్ నాజిళ్లు వచ్చాక కథ మారింది. సన్నటి ధార నేరుగా రాతిమీద పడి పొడిని ఊడ్చేస్తుంది. లేకపోతే బిట్టు నలిపిందాన్నే మళ్లీ మళ్లీ నలుపుతూ కూర్చుంటుంది. అప్పట్నుంచి 'అడుగున ఎంత బలం అందుతోంది' అన్నది డబ్బుతో ముడిపడ్డ ప్రశ్న అయింది.

చిక్కేమిటంటే, బాబాయికి గేజీ ఉన్నది పైన. బిట్టు ఉన్నది కిలోమీటర్ల కింద. గేజీ 2,000 పీఎస్ఐ చూపిస్తే, అందులో పైపుల రాపిడికి ఎంత పోయింది, నాజిళ్ల దగ్గర ఎంత ఖర్చయింది అన్నది లెక్కే చెప్పాలి. డైరీలోంచి ఒకటి: గాలన్‌కి 10 పౌన్ల మడ్డు, నిమిషానికి 400 గాలన్లు, అంగుళంలో 32వ వంతులు పన్నెండేసి ఉన్న నాజిళ్లు మూడు. బిట్టు దగ్గర పీడనం దాదాపు 1,340 పీఎస్ఐ, బలం 313 హార్స్‌పవర్. పంపు ఒత్తిడిలో మూడింట రెండొంతులు. 65 శాతం దగ్గరుంటే బిట్టుకి గరిష్ఠ బలం అందుతుందని అప్పటి పాఠం. బాబాయి పక్కన టిక్కు పెట్టుకున్నాడు.

కానీ ఆ 400 ఎవరూ కొలిచింది కాదు. పంపు స్ట్రోకుల్ని లెక్కపెట్టి, దాని సామర్థ్యం ఇంత అని అనుకుని రాసింది. నాజిళ్లు మార్చనంతవరకు బలం ప్రవాహపు ఘనంతో పెరుగుతుంది, ఘనంతోనే తరుగుతుంది. వాల్వు కారి నిజంగా 360 గాలన్లే పోతుంటే 313 కాస్తా 228 అయిపోతుంది. పదోవంతు పొరపాటుకి పావువంతు పైగా బలం మాయం!

నాలుగు పేజీల తర్వాత ఆ 313ని బాబాయి కొట్టేశాడు. పక్కన ఎర్రసిరాతో 'వాల్వు సీటు అరిగింది' అని రాసి, కింద 360తో మళ్లీ మొదలుపెట్టాడు.