వెలుగును బట్టి వేడిని కొలవడం: ఉత్తర తెలంగాణ ఉక్కు చెప్పే చరిత్ర

ఉష్ణోగ్రత అనగానే మీకు థర్మామీటర్ గుర్తుకు వస్తుంది. అది పనిచేయని చోట మనిషి వెలుగును చూసి వేడిని అంచనా వేశాడు. ఇందుకు మన ప్రాంతపు ఉక్కు చరిత్రే మంచి ఉదాహరణ.

పాత ఆదిలాబాద్ జిల్లాలోని దిమ్మదుర్తి, పాత కరీంనగర్ జిల్లాలోని మెట్‌పల్లి ప్రాంతాల ఇనుము పొరుగునే ఉన్న నిజామాబాద్ జిల్లా కోనసముద్రానికి చేరేది. అక్కడ దానిని మట్టి మూసల్లో పెట్టి, తిత్తులు ఊదుతూ 24 గంటలు కాచి ఉక్కు చేసేవారు. మహా త్రికోణమితి సర్వేలో పనిచేసిన హెన్రీ వాయిసీ దీనిని స్వయంగా చూసి రాశాడు. ఆ వివరణ ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ వర్తకుడొకరు ఉక్కు కోసం అక్కడికి వచ్చినట్లు అందులో ఉంది.

ఇటువంటి భారతీయ ఉక్కు ఐరోపాకు చేరినప్పుడు అక్కడి కమ్మరులు చాలామంది విఫలమయ్యారు. అలవాటు ప్రకారం తెల్లగా కాగేదాకా వేడిచేసి కొడితే అది ముక్కలైంది. సుమారు 1.5 శాతం కర్బనం ఉన్న ఈ ఉక్కును ఎరుపు, నారింజ రంగుల మధ్యనే సాగగొట్టాలి. ముదురు ఎరుపు అంటే సుమారు 700 డిగ్రీల సెల్సియస్, తెలుపు అంటే సుమారు 1300. ఉక్కు ముద్ద ఓడలో వెళ్లింది కానీ, రంగును గుర్తించే కంటి నైపుణ్యం దానితోపాటు వెళ్లలేదు.

కొలిమి వెలుగును కొలిచే పరికరాన్ని 1892లో ఫ్రెంచి శాస్త్రవేత్త లె షాటెలియే రూపొందించాడు. నేడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలోనూ వెలుగే ఉష్ణోగ్రతను చెబుతోంది. ఎలక్ట్రాన్ పుంజం తాకినప్పుడు కొన్ని అర్ధవాహకాలు వెలుగునిస్తాయి. అవి వేడెక్కితే సాధారణంగా ఆ వెలుగు తరంగదైర్ఘ్యం పెరుగుతుంది. ఆ మార్పును కొలిచి, నానోమీటర్ల స్థాయిలో ఉష్ణోగ్రత తెలుసుకుంటారు. ఒక తేడాను మీరు గమనించాలి: కాలిన ఇనుము వేడి వల్ల వెలుగుతుంది, ఇక్కడ వెలుగుకు కారణం ఎలక్ట్రాన్ల తాకిడి.

శాస్త్రవేత్త తన కొలతను అంకెల్లో రాసిపెడతాడు. మన కమ్మరి తన కొలతను కొడుక్కి చూపించాడు, కాగితంపై పెట్టలేదు. ఆ వృత్తి ఆగిపోగానే అదీ పోయింది. అందుకే చరిత్రకారులు నేడు ఊరి శివారులోని చిట్టెం కుప్పలను, పగిలిన మూసలను ఆధారాలుగా చదువుతున్నారు. లిఖిత ఆధారం లేనంత మాత్రాన జ్ఞానం లేదని మీరు నిర్ణయించకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ప్రాంతంలోని ఒక చేతివృత్తిలో కంటితో, చేతితో, చెవితో చేసే కొలతలు ఏవి? వాటిని నమోదు చేయండి.