ఒక రోగికి ఒక వరుస

రోగుల వివరాలను పట్టికగా పేర్చే పద్ధతి కంప్యూటర్ల పుణ్యమేనని చాలామంది అనుకుంటారు. దాని పుట్టిల్లు ఆసుపత్రి రికార్డు గది అని నా వాదన. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మేయో క్లినిక్‌లో 1907కు ముందు ఏ డాక్టరు లెడ్జరు ఆయనదే. ఒకే రోగి ముగ్గురికి చూపించుకుంటే జబ్బు చరిత్ర మూడు పుస్తకాల్లో చెదిరిపోయేది. ఆ ఏడాది హెన్రీ ప్లమ్మర్ ప్రతి రోగికీ ఒక నంబరిచ్చి, కాగితాలన్నిటినీ ఆ నంబరు కింద ఒకే ఫైలులోకి చేర్చాడు. చూడటానికి గుమాస్తా పనే గానీ, అక్కడి నుంచే రికార్డు డాక్టరుది కాకుండా రోగిది అయింది.

గణాంక ప్రోగ్రామింగ్ భాషలు ఈ సంగతిని ఆలస్యంగా అందుకున్నాయి. 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్ బృందం ఎస్ భాషను మొదలుపెట్టింది. అందులో పట్టికలా పనికొచ్చేది మాట్రిక్స్; దానిలో అన్నీ అంకెలైనా కావాలి, అన్నీ అక్షరాలైనా కావాలి. వయసు అంకె, స్త్రీయా పురుషుడా అన్నది మాట. రెండూ ఒకచోట ఇమడాలంటే 1, 2 అని కోడ్ వేసి దాని అర్థం వేరే రాసుకోవాలి. ఆ కాగితం పోతే అర్థమూ పోయినట్టే. 1992లో చాంబర్స్, ట్రెవర్ హేస్టీల సంపాదకత్వంలో వచ్చిన ‘స్టాటిస్టికల్ మోడల్స్ ఇన్ ఎస్’ డేటా ఫ్రేమ్‌ను వివరించింది. అందులో నిలువు వరుస దేని రకం దానిదే. అడ్డంగా ఒక్కో వరుసలో ఒక్కో మనిషి. ఆక్లాండ్‌లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించిన ఆర్ భాష దాన్నే తీసుకుంది. అలాంటి పట్టిక శాస్ అనే మరో గణాంక భాషలో అంతకుముందే ఉంది కదా అనవచ్చు. ఉంది, అది నా వాదనకే బలం. వేర్వేరు భాషలు ఒకే ఆకారానికి చేరాయంటే ఆ ఆకారం రికార్డు స్వభావంలోనే ఉందన్నమాట.

ఖాళీ గడుల దగ్గర ఆ స్వభావం మరీ స్పష్టం. పిత్తనాళాలను దెబ్బతీసే ఒక కాలేయ వ్యాధిపై 1974–84 మధ్య మేయో క్లినిక్ జరిపిన అధ్యయనం వివరాలు ఆర్‌లోని సర్వైవల్ ప్యాకేజీలో పీబీసీ పేరుతో ఉన్నాయి. మొత్తం 418 వరుసలు. మందు ప్రయోగంలో చేరినవారు 312 మందే. మిగతా 106 మందికి చికిత్స గడిలో ఎన్‌ఏ, అంటే ‘వివరం లేదు’ అనే గుర్తు, ఉంటుంది. కొలెస్టరాల్ 134 మందికి లేదు. వారిలో 106 మంది ప్రయోగంలో చేరనివారు, 28 మంది చేరినా కొలత దొరకనివారు. అక్కడ సున్నా వేస్తే సగటు అబద్ధమవుతుంది; ఆ వరుసల్ని తీసేస్తే మనుషులే మాయమవుతారు.

మనిషిని ఒక్క వరుసకు కుదించడం అన్యాయమనే అభ్యంతరం బరువైనదే. రోగి మళ్లీ మళ్లీ వస్తాడు, రక్తపరీక్షలో కొలిచే బిలిరుబిన్ మారుతుంటుంది. అందుకే అదే ప్యాకేజీలో పీబీసీసెక్ అనే రెండో పట్టిక ఉంది: ఆ 312 మందికే 1,945 వరుసలు, ఒక్కో రాకకు ఒకటి. వాటిని మనిషివారీగా కలిపి ఉంచేది ప్రతి వరుసలోని నంబరే. అది ఒక్కచోట తప్పు పడినా ఒకరి రక్తపరీక్ష మరొకరి ఖాతాలో చేరుతుంది, దాన్ని ఫార్ములాలు ప్రతిసారీ పట్టలేవు.