కొంకణంలో ఎర్రతేలు

తేలు పేరు చెప్పగానే మన పల్లెల్లో అందరి కళ్ల ముందు మెదిలేది మండ్రగబ్బ. అరచేతి పొడుగు, నల్లగా నిగనిగలాడే ఒళ్లు, పీత డెక్కల్లాంటి లావు డెక్కలు. చూస్తేనే గుండె ఝల్లుమంటుంది. అది కుడితే నొప్పి పుడుతుంది, మహా అయితే వాపు వస్తుంది. ప్రాణం మీదికి తెచ్చేది ఎర్రతేలు. రెండు మూడు అంగుళాలకు మించని ఒళ్లు, సన్నటి డెక్కలు, వాటితో పోలిస్తే బలిసినట్టుండే తోక. డెక్కలతోనే ఎరను నలిపేయగల తేలుకు గట్టి విషంతో పని లేదు. డెక్కల్లో సత్తువ లేని తేలే కొండిని నమ్ముకుంటుంది. శాస్త్రవేత్తలు హాటెన్‌టాటా టామ్యులస్ అని పిలిచే ఈ ఎర్రతేలు పశ్చిమ మహారాష్ట్ర నుంచి కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ మెట్ట నేలల మీదుగా తమిళనాడు దాకా, అటు సౌరాష్ట్రలోనూ ఉంది. జనం భయమంతా నల్లదాని మీదే పెట్టుకుని ఎర్రదాన్ని చిన్నచూపు చూశారు. వైద్యం కూడా చాలాకాలం అదే పొరపాటు చేసింది. ఆ పొరపాటు దిద్దుబాటయింది పెద్ద ప్రయోగశాలలో కాదు, తేలు కుట్టే ఊళ్లోనే, రోగి మంచం పక్కన రాత్రంతా కూర్చున్నవాళ్ల చేతుల్లో. కొంకణ తీరపు చరిత్ర చదివితే నాకు తోచేది ఇదే.

పొరపాటు ఎలా నిలబడిందో ముందు చూడాలి. తేలు కుట్టినవాళ్లలో ఎక్కువమందికి కలిగేది నొప్పి ఒక్కటే. భరించలేని నొప్పే, కానీ ఒక రోజు గడిస్తే దానంతటదే దిగిపోతుంది. అందుకే తేలుమంత్రం తరతరాలుగా గెలుస్తూ వచ్చింది. మంత్రం వేసినా, ఆకు నూరి కట్టినా, ఏమీ చేయకపోయినా పొద్దు గుంకేసరికి మనిషి లేచి తిరుగుతాడు. తిరిగినవాళ్లంతా మంత్రానికి సాక్షులయ్యారు. చనిపోయినవాళ్లకు ఆయుష్షు తీరిందన్నారు. మంత్రగాణ్ణి మోసగాడని కొట్టిపారేయడం సులువే గానీ, తన కళ్లు చూపినదాన్నే అతనూ నమ్మాడు. పట్నపు వైద్యుడి పరిస్థితీ పెద్ద తేడాగా లేదు. అతని దగ్గరికి వచ్చే తేలుకాట్లు తక్కువ, వచ్చినా చివరి గంటలో వచ్చేవి. మొదట ఏం జరిగిందో చూడనివాడికి చివర జరిగేది అర్థం కాదు.

కొంకణంలో మొదటి గంటలు చూసే వీలుంది. అక్కడి నేల ఎర్రటి జాంభా రాయి, గోడలూ ఆ రాతివే. రాతి సందుల్లో, గడ్డివాముల కింద, పిడకల గుట్టల్లో ఎర్రతేలు కాపురం ఉంటుంది. వేసవి ముదిరి తొలకరి దగ్గరపడే రోజుల్లో, రైతులు వరిగడ్డి కదిలించి పొలాలు సిద్ధం చేసుకునే వేళ, కాట్లు పెరుగుతాయి. వేసవి ఉక్కకు జనం నేల మీదే పడుకుంటారు. సావిత్రి నది ఒడ్డున మహాడ్ ఉంది. దానికి దగ్గరి బిర్వాడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 1976లో హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే యువ వైద్యుడు వచ్చారు. అది అప్పట్లో కొలాబా జిల్లా. రాయ్‌గడ్ అన్న పేరు 1981లో వచ్చింది. తేలు కుట్టిన పిల్లలు తెల్లవారేసరికి చనిపోతుంటే ఆయన చేసిన పని చూడటానికి చాలా చిన్నది. రోగి పక్కన కూర్చుని గంట గంటకూ నాడి, రక్తపోటు, ఒంటి వేడి చూసి రాసుకున్నారు.

ఆ రాతల్లోంచి ఒక వరస బయటపడింది. ముందు వాంతి. తర్వాత బట్టలు పిండుకునేంత చెమట, నోటి వెంట తీగలు సాగే చొంగ, మంచులా చల్లబడే చేతులు, పాదాలు. మగపిల్లల్లో కోరిక లేకుండానే అంగం స్తంభిస్తుంది. రక్తపోటు చిన్న పిల్లల్లో కూడా ఎక్కడికో ఎగబాకుతుంది. కొన్ని గంటలకు గుండె అలసిపోయి ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది, గులాబీ రంగు నురగ దగ్గుతూ రోగి మునిగిపోతున్నవాడిలా గిలగిల్లాడతాడు. చిత్రమేమిటంటే ఇంతటి స్థితిలో కుట్టిన చోట నొప్పి పెద్దగా తెలియదు. కోలుకుంటున్నప్పుడు నొప్పి తిరిగి మొదలవుతుంది. పక్కనున్న తల్లి అది చూసి బెంబేలెత్తుతుంది. వైద్యుడికి మాత్రం అది గండం గట్టెక్కిన గుర్తు. పుస్తకంలో లేని ఈ సంగతి రోగి పక్కన మేలుకుని ఉన్నవాడికే దొరుకుతుంది. 1982లో ఈ ముందస్తు లక్షణాల గురించి బావస్కర్ రాసినది లాన్సెట్ అనే వైద్య పత్రిక అచ్చువేసింది.

మందు ఈ వరసలోంచే పుట్టింది. విషం నరాల్లోని సోడియం ద్వారాలను మూతపడనివ్వదు. దాంతో ఒంట్లోని అడ్రినలిన్ జాతి రసాయనాలు కట్టతెగిన చెరువులా పొంగి రక్తనాళాలను బిగదీస్తాయి. గుండె ఆ బిగువుకు ఎదురీది ఓడిపోతుంది. అలాంటప్పుడు మత్తుమందుల మిశ్రమాలు, స్టెరాయిడ్లు, అట్రోపిన్ ఇస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. కావలసింది నాళాల బిగువు సడలించేది. ఆ పని చేసే ప్రజోసిన్ అనే చవక మాత్ర రక్తపోటుకు అప్పటికే అంగళ్లలో ఉంది. బావస్కర్, ఆయన భార్య డాక్టర్ ప్రమోదిని కలిసి 1986లో దాని ఫలితాలను లాన్సెట్‌లో ప్రకటించారు. కిలో బరువుకు 30 మైక్రోగ్రాముల చొప్పున నోటితో ఇచ్చి, చేతులూ కాళ్లూ వెచ్చబడేదాకా మూడేసి గంటలకు మళ్లీ ఇవ్వాలి. ఆ సమయంలో పిల్లవాణ్ణి లేపి భుజాన వేసుకోకూడదు, పడుకోబెట్టే ఉంచాలి. లేపితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. అంతకుముందు పశ్చిమ భారత వైద్యులు రాసిన లెక్కల్లో విషమించిన కేసుల్లో నూటికి పాతిక నుంచి ముప్పై మంది చనిపోయేవారు. ప్రజోసిన్ వచ్చాక మహాడ్‌లో అది నూటికి ఒకటి కన్నా తగ్గింది.

ఈ వాదనకు అభ్యంతరాలున్నాయి. 1961లోనే పి. ఎం. ముండ్లే అనే వైద్యుడు తేలుకాటు గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు కదా, మొదట చూసింది బావస్కర్ అనడం ఎందుకు అంటే, నిజమే, అనకూడదు. కానీ చావును నమోదు చేయడం ఒకటి, చావుకు ముందున్న గంటలను వరుసపెట్టడం మరొకటి. రెండో అభ్యంతరం బలమైనది. మందు ఉందని తెలిశాక తేలికపాటి కాట్లవాళ్లు కూడా ఆస్పత్రికి వస్తారు, రోడ్లు బాగుపడి జనం త్వరగా చేరతారు, దాంతో మరణాల శాతం ఎలాగూ తగ్గుతుంది. ఇందులో కొంత నిజముందని ఒప్పుకోవాలి. అయితే త్వరగా చేరడమే సరిపోతే పాత మందులతోనే ఫలితం రావాలి. పైగా ఆ దంపతులు మందు దగ్గరే ఆగిపోలేదు. తేలువిషానికి విరుగుడు సీరం వచ్చాక 70 మంది రోగులను చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు ప్రజోసిన్ ఒక్కటే, రెండో జట్టుకు దానితోపాటు సీరం ఇచ్చి చూశారు. పది గంటల్లో కోలుకున్నవాళ్లు సీరం జట్టులో 35కి 32 మంది, ప్రజోసిన్ ఒక్కటే ఇచ్చిన జట్టులో 35కి 8 మంది. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఈ ఫలితం వాళ్ల మొదటి మందు ఒక్కటే చాలదని చెప్పింది. తమ పేరు నిలబెట్టిన మందునే ఇలా పరీక్షకు పెట్టడం నాకు ప్రజోసిన్ కన్నా గొప్పగా కనిపిస్తుంది.

ఒక తాలూకా ఆస్పత్రి నేర్చుకున్నది మిగతా ఎర్రతేలు నేలలకు తనంతట తాను నడిచి రాదు. 2008లో షిపో, గొయఫాన్ అనే పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 12 లక్షల తేలుకాట్లు, 3,250కి పైగా మరణాలు. ఎండ మండే బీద పల్లెల్లో, ఎక్కువగా పిల్లల్లో జరిగే చావులివి. పాముకాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలోకి తెచ్చింది. పాముకాటు కేసులను తప్పనిసరిగా తెలపాలనే నిబంధన పెట్టమని కేంద్రం 2024 నవంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. తేలుకాటు ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాకు ఎక్కలేదు. బావస్కర్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది.