పామర్ కొఠీ, మా కొత్తపేట వాటా

ఉగాదికి ముందు బీరువా సర్దుతుండగా అడుగు అరలో ఒక పాత నోటుపుస్తకం కనిపించింది. అట్టమీద మా ఆవిడ దస్తూరీతో "అప్పుల పుస్తకం, 2007 దసరా" అని ఉంది. మొదటి పేజీలో మూడు అంకెలు: 60,000, 38,000, 22,000. కింద గీత, గీత కింద 1,20,000. అప్పట్లో నా జీతం ఇరవై రెండు వేలు. ఎల్.బి.నగర్ దారిలో కొత్తపేటలో రెండు గదుల వాటా, అద్దె 5,500.

చరిత్ర చదివే అలవాటున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. తన ఇంటి కష్టం కూడా ఎక్కడో ఒకచోట ముందే జరిగి ఉండాలని వెదుకుతాడు. నేనూ వెదికాను. మరీ దూరం వెళ్ళనక్కరలేకపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మూసారాంబాగ్, మలక్‌పేట, మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దాటి మూసీ అవతల కోఠీ వస్తుంది (ఆ మూసారాంబాగ్‌లో దాగి ఉన్నవాడు ఫ్రెంచి సేనాని రేమండ్, ఆయన కథ ఇంకోసారి). కోఠీ మహిళా కళాశాలగా మనకు తెలిసిన ఆ స్తంభాల భవనం ఒకనాటి బ్రిటిష్ రెసిడెన్సీ. దాని చుట్టుపక్కలనే, చాదర్‌ఘాట్ ప్రాంతంలో, పామర్ అండ్ కంపెనీ అనే వడ్డీవ్యాపార సంస్థ 1814లో వెలిసింది. మా నోటుపుస్తకంలోని కథ అక్కడ దాదాపు యథాతథంగా జరిగింది. కాకపోతే అక్కడ అప్పు తీసుకున్నవాడు నిజాం.

విలియం పామర్ ఆంగ్లేయ సైనికాధికారికీ లక్నో ముస్లిం మహిళకూ పుట్టినవాడు. నిజాం సైన్యంలో పనిచేసి, తరువాత వ్యాపారంలోకి దిగాడు. బంకటీదాసు అనే గుజరాతీ సాహుకారు ఒక వాటాదారు. సర్ విలియం రంబోల్డ్ మరొకడు. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ పెంచిన అమ్మాయిని పెళ్ళాడిన పలుకుబడి ఆయనది. గవర్నర్ జనరల్ అనుమతి లేనిదే ఆంగ్లేయులు స్వదేశీ సంస్థానాధీశులకు అప్పులివ్వరాదని 1797లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. 1816లో పామర్ కంపెనీకి ఆ అనుమతి దొరికింది.

హైదరాబాదు ప్రభుత్వానికి వారు అప్పిచ్చిన వడ్డీ ఏడాదికి నూటికి 24, 25. మన లెక్కలో రెండు రూపాయల వడ్డీ. చరిత్రకారులంతా దీన్ని ఘోరమైన దోపిడీగా రాశారు. రాయవలసిందే. కానీ నా కార్డు వడ్డీ నెలకు 2.95 శాతం. అంటే పావలాలో అయిదోవంతు తక్కువగా మూడు రూపాయల వడ్డీ! ఏ పల్లెటూరి రచ్చబండ మీదనైనా "మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను" అంటే "నీకేం పోయేకాలం" అని అడుగుతారు. అదే సంగతిని ఇంగ్లీషులో దశాంశం పెట్టి అచ్చువేస్తే మనకు వడ్డీగా తోచదు. ఏడాదికి అది 35.4 శాతం, చక్రవడ్డీ కట్టుకుంటే 41 దాటుతుంది. నిజాం నవాబుకు నాకన్నా చౌకగా అప్పు దొరికిందన్నమాట.

ఇక అసలు కథ. సికందర్ జా కాలంలో పాలన అంతా పేష్కారు చందూలాల్ చేతిలో ఉండేది. భూమిశిస్తు వసూలును గుత్తకిచ్చేవారు. గుత్తదారులు ముందుగా కొంత కట్టి, పైన ఎంత పిండుకున్నా అడిగేవారు లేరు. కనుక రాజ్యానికి నిజంగా ఎంత ఆదాయం వస్తుందో రాజ్యానికే తెలియదు. బ్రిటిషువారి అజమాయిషీలోని సైన్యానికి మాత్రం జీతాలు నెలనెలా ఇవ్వాలి. ఆ జీతాలకు పామర్ డబ్బు, పామర్ వడ్డీకి తాలూకాల రాబడి. 1820 నాటికి బాకీలు మోయలేనంత పెరగగా ఒక ఉపాయం కనిపెట్టారు: అరవై లక్షల కొత్త అప్పు, నూటికి 18 వడ్డీ. పాత అప్పును తక్కువ వడ్డీకి మార్చుకున్నామని చెప్పుకోవచ్చు. ఆ ఏడాది చివర రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు తీయిస్తే ఆ అరవైలో ఎనిమిది లక్షలు కంపెనీ వాటాదారులు తమకు తాము రాసుకున్న బోనస్ అని తేలింది. మిగిలినదాంట్లోనూ చాలాభాగం తమ పాత బాకీనే పేరు మార్చి కొత్త పద్దులో వేసుకోవడం.

చదువరులు నవ్వకపోతే చెబుతాను. 2005లో దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో ఎదుట ఒక గొడుగు కింద బల్ల వేసుకుని కూర్చున్న కుర్రవాడు నాకు చెప్పిన ఉపాయం సరిగ్గా ఇదే. పాత కార్డు మీది బాకీని కొత్త కార్డుకు మార్చుకుంటే ఆరు నెలలు ముప్పావలా వడ్డీ. మార్చినందుకు రుసుము వేరే. ఆ రోజుల్లో ఆ రోడ్డుకు రెండు పక్కలా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, చీరల కొట్లు, వాటి మధ్య ఇలాంటి బల్లలు. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, కృష్ణా గుంటూరు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు తీసుకున్న చిన్న జీతగాళ్ళం అందరమూ ఏదో ఒక బల్ల దగ్గర సంతకం పెట్టినవాళ్ళమే. నేను పెట్టాను. పాత కార్డు ఖాళీ అయింది. ఖాళీ అయిన కార్డు జేబులోనే ఉంది. అది మళ్ళీ నిండడానికి ఏడాది కూడా పట్టలేదు.

నిజాం ప్రభుత్వమూ అంతే. అప్పుడు మెట్‌కాఫ్ పట్టుబట్టి పామర్ బాకీని పూర్తిగా తీర్పించే ఏర్పాటు చేయించాడు. ఈ ఘట్టం కోస్తావారికి ప్రత్యేకంగా తెలియవలసినది. ఉత్తర సర్కారులు బ్రిటిషువారి చేతికి పోయినా, వాటికి ప్రతిగా ఏటా ఏడు లక్షల రూపాయల పేష్కష్ హైదరాబాదుకు వస్తూ ఉండేది. ఎన్నడూ ఆగని ఆదాయం అది. 1823లో ఆ పేష్కష్‌ను శాశ్వతంగా వదులుకుని, దాని బదులు ఒక్కసారిగా 1,16,66,666 రూపాయలు తీసుకున్నారు. ఏడు లక్షలను నూటికి ఆరు వడ్డీగా లెక్కగడితే వచ్చే అసలు అది. పామర్ అప్పు ఆ సొమ్ముతో తీరింది. మరుసటి ఏడాది కంపెనీ దివాలా తీసింది. పామర్ మాత్రం హైదరాబాదులోనే ఉండి 1867లో కన్నుమూశాడు. నవలాకారుడు మెడోస్ టేలర్ ఆయన అల్లుడే.

మా ఇంట్లో ఉత్తర సర్కారుల పేష్కష్ మా నాన్నగారి ఫిక్స్‌డ్ డిపాజిట్. ఉద్యోగ విరమణప్పుడు వచ్చిన డబ్బులో లక్ష రూపాయలు బ్యాంకులో వేసి, మూడు నెలలకోసారి వచ్చే వడ్డీతో తన మందులు, పేపరు, కాశీ మజిలీ కథల పాత సంపుటాలు కొనుక్కునేవారు. 2006లో రికవరీ వాళ్ళ ఫోను ఒకటి ఆయనే ఎత్తారు. ఏమన్నారో నాకు చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే బ్యాంకుకు వెళ్ళి ఆ డిపాజిట్ రద్దు చేయించి వచ్చారు. "అప్పు లేనివాడే అధిక సంపన్నుడురా, కట్టేయి" అన్నారు, అంతే. కట్టేశాను. పదిహేను నెలలు తిరగకుండా, 2007 దసరాకు, మళ్ళీ లక్షా ఇరవై వేలు!

ఏం కొన్నామని అడుగుతారేమో. చెప్పుకోదగినది ఏదీ లేదు. పిల్లవాడి స్కూలు ఫీజు, పండక్కి బట్టలు, ఒక ఫ్రిజ్, నెలాఖరు సరుకులు. అప్పు చేసి పప్పుకూడు అంటే అక్షరాలా పప్పే. చందూలాల్ కూడా విలాసాలకే అంతా తగలేశాడనడం సరికాదు. ఆదాయం ఎంతో తెలియని ఇంట్లో ప్రతి మామూలు ఖర్చూ అప్పుగానే పుడుతుంది.

1823 తరువాత కూడా హైదరాబాదు ఖర్చు తగ్గలేదు. శిస్తు గుత్తలు అలాగే సాగాయి. సాహుకార్లు, అరబ్బు జమాదార్లు, రోహిల్లాలు అప్పులిచ్చి తాలూకాలను తాకట్టు పట్టారు. 1843లో చందూలాల్ తప్పుకునేనాటికి ఖజానా ఒట్టిది. కంటింజెంట్ సైన్యం జీతాల బాకీ ఇప్పుడు నేరుగా ఈస్టిండియా కంపెనీకే పడింది. చివరికి 1853 మే నెలలో ఆ బాకీ కింద బేరార్, రాయచూరు దోఆబ్, ధారాశివ్ ప్రాంతాలను కంపెనీకి అప్పగిస్తూ నాసిరుద్దౌలా సంతకం చేశాడు. మొదటిసారి రాబడి పోయింది, రెండోసారి నేలే పోయింది.

ఆ నెలాఖరులోనే సాలార్‌జంగ్ దివాను అయ్యాడు. అప్పటికి వయస్సు ఇరవై నాలుగు. ఆయన్ను మనం మ్యూజియం పేరుతో తలుచుకుంటాం గానీ (ఆ వస్తువులలో అధికభాగం సేకరించినది మనుమడు), ఆయన గొప్పతనం పద్దుల్లో ఉంది. కొత్తగా ఏ పెద్ద అప్పుతోనూ పాత అప్పును కప్పలేదు. తాకట్టులో ఉన్న తాలూకాలను ఒకటొకటిగా విడిపించాడు. శిస్తు గుత్తలు ఎత్తివేస్తూ జీతమిచ్చే తాలూకాదార్లను పెట్టాడు. 1865లో జిల్లాల వ్యవస్థ ఏర్పరిచాడు. దాంతో రాజ్యానికి తన ఆదాయం ఎంతో తెలిసింది. ఉద్యోగులకు, సైన్యానికి జీతాలు వేళకు ఇవ్వసాగాడు. 1860లో బ్రిటిషువారు యాభై లక్షల బాకీని మాఫీ చేసి రాయచూరు దోఆబ్, ధారాశివ్ తిరిగి ఇచ్చారు. దానికి 1857 తిరుగుబాటులో హైదరాబాదు వారి పక్షాన నిలవడమే కారణమన్నది నిజమే. ఆ రాజకీయాన్ని నేను మెచ్చుకోను. పద్దులు రాసిన తీరు మాత్రం మెచ్చుకుంటాను.

మా ఇంటి సాలార్‌జంగ్ మా ఆవిడ. దసరా సెలవుల్లో మూడు కార్డుల బిల్లులు నేలమీద పరిచి, "ఏవండీ, వీళ్ళకి నెలకి ఎంత కడుతున్నాం?" అని అడిగింది. ఆరు వేలు, కనీస చెల్లింపు నూటికి అయిదు చొప్పున. అందులో వడ్డీ 3,540, దానిపై సేవాపన్ను 437. అసలులో తరిగేది రెండు వేల చిల్లర. పైగా బాకీ తగ్గేకొద్దీ కనీస చెల్లింపు కూడా తగ్గుతుంది. ఆ లెక్కన కార్డు మళ్ళీ ముట్టుకోకపోయినా మూడేళ్ళ తరువాత సగం బాకీ అలాగే ఉంటుంది. అదే ఆరు వేలు తగ్గించకుండా కడుతూపోతే ముప్పై నాలుగు నెలల్లో మొత్తం తీరుతుంది. ఈ ఒక్క తేడా అప్పటి మా బిల్లుల్లో దేని మీదా అచ్చువేసి లేదు.

ఆమె ఇంకో అడుగు వేసింది. తన తొమ్మిది తులాల బంగారం బ్యాంకులో పెట్టి రూపాయి వడ్డీకి డెబ్బై వేలు తెచ్చింది. దానితో ముందు చిన్న కార్డులు రెండూ తీర్చి, మిగిలిన పదివేలు పెద్ద కార్డుకు జమ కట్టాం. కార్డులన్నీ కూరల కత్తెరతో కత్తిరించింది. నెలకు అవే ఆరు వేలు. బంగారం మీది వడ్డీ ఏడు వందలు పోను తక్కినదంతా ఆ కార్డుకు. ఏడాదిలో అది తీరింది. ఆ తరువాత ఏడాదిలో బంగారం ఇంటికొచ్చింది. నోటుపుస్తకంలో ఆ ఇరవై నాలుగు నెలలూ ఉన్నాయి. ఒకచోట "టమాటా కిలో 30, కొనలేదు" అని కూడా ఉంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. నిజాం కాలపు హైదరాబాదు మనీలెండర్ల చట్టం, 1349 ఫసలీ నాటిది, వడ్డీవ్యాపారికి లైసెన్సు ఉండాలంది. వడ్డీ అసలును మించరాదనే దామ్‌దుపట్ సూత్రం హిందూ ధర్మశాస్త్రాల్లో అంతకు ఎంతో ముందే ఉంది. బ్యాంకుల వడ్డీ ఎక్కువైందని కోర్టులు విచారించరాదని మాత్రం 1984లో అమలైన 21ఎ సెక్షన్ చెబుతోంది. కార్డుల వడ్డీ ఏడాదికి 30 శాతం మించితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. అప్పుడు మా ఆవిడ పండగ చేసుకోబోయింది. ఆ తీర్పు మరుసటి ఏడే స్టేలో పడి, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చేతిలో కొట్టివేతకు గురైంది. కనీస చెల్లింపు కట్టినా బాకీ పెరిగే పరిస్థితి ఉండరాదని, అడగని కార్డు పంపరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. అది మేలే. వడ్డీకి పరిమితి మాత్రం ఈనాటికీ లేదు. అన్నట్టు, దేశంలో తొలి క్రెడిట్ కార్డులు తెచ్చిన బ్యాంకుల్లో ఒకటి మన ఆంధ్రా బ్యాంకే, 1981లో. పట్టాభి సీతారామయ్యగారు బందరులో 1923లో పెట్టిన బ్యాంకు అది. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

బేరార్ సంగతి చెప్పడం మరిచాను. దాన్ని వెనక్కి తేవాలని సాలార్‌జంగ్ చివరిదాకా, లండన్ దాకా వెళ్ళి మరీ, ప్రయత్నించాడు. రాలేదు. 1902లో మహబూబ్ అలీఖాన్ ఏటా పాతిక లక్షలకు దాన్ని శాశ్వతంగా కౌలుకిస్తూ ఒప్పుకున్నాడు.

బంగారం వచ్చిన తరువాత నెలకు ఆరు వేలు మిగలడం మొదలైంది. నాన్నగారి డిపాజిట్ మళ్ళీ లక్షకు నింపుదామని నోటుపుస్తకం చివరి పేజీలో ఒక కొత్త పద్దు తెరిచాం. యాభై నాలుగు వేల దాకా చేరింది. ఆ పద్దు అక్కడితో ఆగింది. కింద తేదీ వేసి, ఆయన ఆసుపత్రి ఖర్చులకు తీసినట్టు మా ఆవిడ రాసిపెట్టింది.