పోలీసు చర్యలో పోలీసులెక్కడ?

ఈ ఎపిసోడ్ రెండు రోజులు లేటైంది. కెమెరా పాడవలేదు, నాకు జ్వరం రాలేదు. ఒక్క పదం దగ్గర ఆగిపోయాను. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వెళ్లింది కదా, దాన్ని థంబ్‌నెయిల్ మీద ఏమని రాయాలి? స్కూల్లో మనం 'పోలీసు చర్య' అని చదువుకున్నాం. ఎడిటింగ్ చేసే ఫ్రెండ్ 'విమోచన' పెట్టమన్నాడు. ఇంకో ఫ్రెండ్ వాళ్లది పాతబస్తీ. వాళ్లింట్లో పెద్దవాళ్లు ఉర్దూలో 'సుకూతె హైదరాబాద్' అంటారని చెప్పి ఊరుకున్నాడు. అంటే హైదరాబాద్ పతనం. జరిగింది ఒక్కటే, పేర్లు మూడు.

ముందు మన తెలుగు మాటలు చూద్దాం. రోజూ పేపర్లో చూసే పదమే, 'దాడి'. ఎవరో ఇంటి మీదికి వచ్చి కొడితే దాడి, అది నేరం. పేకాట స్థావరంపై పోలీసుల దాడి, ఏసీబీ దాడి అంటే మాత్రం ఎవరూ ఉలిక్కిపడరు. మాట మారలేదు, దాని ముందు పోలీసు వచ్చి నిలబడ్డాడంతే. దాడి చట్టబద్ధమైపోయింది. 'ఆక్రమణ' చెరువు మీదా ఫుట్‌పాత్ మీదా జరుగుతుంది. దానికి 'దుర్' తగిలిస్తే దురాక్రమణ, అంటే తీర్పు ఆ పదంలోనే ఉంది. 1962లో చైనా చేసిన దాన్ని మనం ఆ మాటతోనే పిలిచాం. ఇక 'దండయాత్ర' అనేది ఎప్పుడూ అవతలివాడే చేస్తాడు. కృష్ణదేవరాయలు ఉదయగిరి, కొండవీడు పట్టుకుని పొట్నూరులో జయస్తంభం నాటే దాకా వెళితే అది మనకి దిగ్విజయ యాత్ర. గజపతుల వైపు నిలబడి చూస్తే అదే దండయాత్ర.

ఇప్పుడు 1948కి వద్దాం. సెప్టెంబర్ 13న భారత సైన్యం సరిహద్దు దాటింది. ప్రధాన దళం సోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో వచ్చింది, ఇంకొకటి బెజవాడ వైపు నుంచి. ట్యాంకులున్నాయి, యుద్ధ విమానాలున్నాయి. దానికి సైన్యం పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు, మర్నాడు ఆయన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. ఇందులో పోలీసులెక్కడున్నారు?

పోలీసు అనే మాట ఎందుకు కావాల్సి వచ్చిందో చూడండి. సైన్యం పక్క దేశం మీదికి వెళుతుంది. పోలీసులు సొంత ఊళ్లోనే తిరుగుతారు. 'పోలీసు చర్య' అనగానే హైదరాబాద్ వేరే దేశం కాదు, ఇది ఇంటి గొడవ అని చెప్పేసినట్టే. కానీ అప్పటికి నిజాం విలీన పత్రం మీద సంతకం పెట్టలేదు. 1947 నవంబర్ 29న యథాతథ ఒప్పందం ఒక్కటే కుదిరింది. 1948 ఆగస్టులో హైదరాబాద్ ప్రభుత్వం ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు చేసింది. భద్రతా మండలి దాన్ని సెప్టెంబర్ 16న పారిస్‌లో చేపట్టింది, అంటే సైన్యం నడుస్తుండగానే! అక్కడ భారత్ చెప్పింది ఒకటే: హైదరాబాద్ అసలు స్వతంత్ర రాజ్యం కాదు, ఇది మా అంతర్గత వ్యవహారం. తర్వాత కొద్ది రోజులకే నిజాం తన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు తెలియజేశాడు.

నన్ను రెండు రోజులు కూర్చోబెట్టిన సంగతి ఇది. అంతకు ఏడాదికి పైగా ముందు, 1947 జులై 21న, డచ్ సైన్యం ఇండోనేషియా రిపబ్లిక్ మీదికి వెళ్లింది. డచ్ ప్రభుత్వం దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? పోలీసు చర్య. లాజిక్ కూడా అదే, ఇది మా సొంత భూభాగం, శాంతిభద్రతల సమస్య అని. దాన్ని ఒప్పుకోకుండా ఆ నెలాఖరులోనే భద్రతా మండలికి తీసుకెళ్లిన దేశాలు రెండు: ఆస్ట్రేలియా, ఇండియా! మనకింకా స్వాతంత్ర్యం రావడానికి రెండు వారాలుంది, అయినా అడిగాం. 1948 డిసెంబర్‌లో డచ్ వాళ్లు రెండో 'పోలీసు చర్య' చేస్తే నెహ్రూ 1949 జనవరిలో ఢిల్లీలో పలు దేశాలను పిలిచి సమావేశం పెట్టాడు. మధ్యలో సెప్టెంబర్‌లో మన పోలీసు చర్య అయిపోయింది. 1950లో కొరియాకి అమెరికా సైన్యం వెళ్లినప్పుడు, దీన్ని పోలీసు చర్య అనొచ్చా అని విలేకరి అడిగితే ట్రూమన్ సరేనన్నాడు. అక్కడ లక్షల మంది చనిపోయారు.

రెండూ ఒకటేనని నేను అనను. డచ్ వాళ్లు సముద్రాలు దాటి వచ్చిన పాలకులు. ఇక్కడ నిజాం మీద జనమే తిరగబడ్డారు, తెలంగాణ రైతులు 1946 నుంచే సాయుధంగా పోరాడుతున్నారు. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. సైన్యం రావడానికి పదిహేడు రోజుల ముందు, ఆగస్టు 27న, భైరాన్‌పల్లిలో పదుల మందిని చంపేశారు. ఆ ఊరివాళ్ల ముందుకెళ్లి 'భారత దురాక్రమణ' అనగలరా ఎవరైనా? నేనైతే అనలేను.

కానీ పోలీసు చర్య అనే మాట ఇంకొకటి దాచింది. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ 1948 చివర్లో జిల్లాలు తిరిగింది. ఆ చర్య జరుగుతున్నప్పుడూ, ఆ తర్వాతా చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని రాసింది. ఎక్కువమంది ముస్లింలు, ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో పరిస్థితి మరీ ఘోరం. రజాకార్ల దుర్మార్గాలనూ అదే నివేదిక రాసింది. అది జనం చదవడానికి ఢిల్లీ నెహ్రూ మ్యూజియంలో దొరికింది 2013లో. పోలీసులు వెళ్లి దొంగను పట్టుకున్నారని చెప్పుకున్న కథలో ఇంతమంది చావులకి చోటెక్కడుంటుంది? 'విమోచన'లోనూ లేదు. పైగా ఆ సైన్యం విమోచనతో ఆగలేదు, 1951లో సాయుధ పోరాటం విరమించే దాకా తెలంగాణ గెరిల్లాల వెంట పడింది. నిజాంతో పోరాడినవాళ్ల వెంటే!

పేరు గొడవ ఇంకా అవలేదు. 2022 సెప్టెంబర్ 17న కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం చేసింది, అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం పబ్లిక్ గార్డెన్స్‌లో జాతీయ సమైక్యతా దినోత్సవం చేసింది. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది, 2024లో పేరూ మారింది: ప్రజా పాలన దినోత్సవం.

థంబ్‌నెయిల్ మీద చివరికి ఏ పదమూ పెట్టలేదు, తేదీ పెట్టాను. అది కూడా 17 కాదు. 17 అంటే మళ్లీ గెలుపూ పతనమూ దగ్గరికే వెళతాం. సైన్యం సరిహద్దు దాటిన 13 పెట్టాను. ఎడిటింగ్ ఫ్రెండ్ ఇంకా అలిగే ఉన్నాడు. వచ్చే వారం ఇదే కథ సూర్యాపేట రోడ్డు మీద నుంచి చెబుతా, ఉంటాను మరి.