మన్యంలో దళాలు, మద్రాసులో మౌనం

అరకులోయకు నైరుతిన ఉన్న గూడెం కొండలలో అటవీ చట్టాలు, వెట్టిచాకిరి రగిల్చిన పితూరీకి అల్లూరి సీతారామరాజు నాయకుడయ్యాడు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులు హతులయ్యారు. అంతకు ముందటి సంవత్సరం మోప్లా తిరుగుబాటుపై ప్రయోగించిన మలబార్ స్పెషల్ పోలీసునే ప్రభుత్వం ఇక్కడా దించింది. 1924లో అస్సాం రైఫిల్స్ వచ్చాయి.

ఈ దళాలకు జవాబుదారీ ఎవరు? 1919 చట్టం విద్య, ఆరోగ్యం వంటి శాఖలను మంత్రులకిచ్చి, పోలీసును గవర్నరు కార్యనిర్వాహక మండలి వద్దనే ఉంచింది. శాసనమండలి సభ్యులు ప్రశ్నలు వేయగలరు. ఆ అధికారులను తొలగించలేరు. ఓటుకు ఇంత దూరాన తుపాకిని నిలిపిన ఏర్పాటు యాదృచ్ఛికం కాదు.

పట్టుబడిన రాజును 1924 మే 7న కొయ్యూరులో, మేజర్ గుడాల్ అధీనంలో ఉండగా కాల్చి చంపారు. పారిపోబోయాడని సర్కారు సంజాయిషీ. విచారణ లేకుండా చంపిన బందీపై మోపిన ఆ మాట నమ్మదగినది కాదు. జస్టిస్ పార్టీ మంత్రివర్గం అప్పుడు పదవిలోనే ఉంది. ఆ దస్త్రం వారి బల్లమీదికి రావలసిన అవసరం మాత్రం చట్టంలో లేదు.